6174 (కాప్రేకర్ స్థిరాంకం)

6174 ఒక సరి పూర్ణాంకం. 6173కు తరువాతిది, 6175కు ముందుది. దశాంశ పద్ధతిలో రాసిన నాలుగంకెల సంఖ్యలపై ఒక నిర్దిష్టమైన తీసివేతను పదేపదే చేస్తూ పోతే చివరకు వచ్చి నిలిచే సంఖ్య ఇదే. ఈ గుణాన్ని గుర్తించిన భారతీయ గణితజ్ఞుడు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ పేరు మీద దీనిని కాప్రేకర్ స్థిరాంకం అంటారు. ఆ తీసివేతకు కాప్రేకర్ ప్రక్రియ అని పేరు.

నిర్వచనం

నాలుగంకెల సంఖ్య ఒకటి తీసుకోవాలి. నాలుగు అంకెలూ ఒకటే కాకూడదన్నది ఒక్కటే నియమం. ఆ అంకెలను పెద్దది మొదలు చిన్నది వరకు అవరోహణ క్రమంలో పేర్చితే ఒక సంఖ్య, ఆరోహణ క్రమంలో పేర్చితే మరొక సంఖ్య వస్తాయి. మొదటి దానిలోంచి రెండో దాన్ని తీసివేయాలి. వచ్చిన భేదాన్ని కొత్త సంఖ్యగా తీసుకుని ఇదే పని మళ్లీ చేయాలి. భేదంలో మూడంకెలే ఉంటే ముందు సున్న చేర్చి నాలుగంకెలుగా చూడాలి. ఇలా చేస్తే ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లు దాటకుండా 6174 వస్తుంది. వచ్చాక ఇక మారదు: 7641 − 1467 = 6174.

కాప్రేకర్ ఈ గుణాన్ని గమనించిన సంవత్సరం 1949. ఉదాహరణకు ఆ సంఖ్యనే తీసుకోవచ్చు.

9941 − 1499 = 8442
8442 − 2448 = 5994
9954 − 4599 = 5355
5553 − 3555 = 1998
9981 − 1899 = 8082
8820 − 0288 = 8532
8532 − 2358 = 6174

గరిష్ఠంగా పట్టే ఏడు మెట్లూ ఇక్కడ పట్టాయి. 3524తో మొదలుపెడితే 3087, 8352, 6174 అని మూడు మెట్లలోనే ముగుస్తుంది. మధ్యలో వచ్చే సంఖ్యలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. అవి క్రమంగా 6174కు దగ్గరవుతూ రావు. పై ఉదాహరణలో ఐదో మెట్టు నుంచి ఏడో మెట్టు వరకు 8082, 8532, 6174 అని నడిచింది.

కనుగొన్న తీరు

కాప్రేకర్ 1905 జనవరి 17న నేటి మహారాష్ట్రలోని దహానులో పుట్టారు. ఠాణేలో చదివి, పుణేలోని ఫెర్గుసన్ కళాశాలలో చేరారు. అక్కడ విద్యార్థిగా ఉండగానే 1927లో రాంగ్లర్ ఆర్.పి. పరాంజపే గణిత బహుమతి అందుకున్నారు. 1929లో పట్టా పొంది, 1930 నుంచి 1962లో పదవీ విరమణ వరకు నాసిక్ దగ్గరి దేవళాలీలో బడిపంతులుగా పనిచేశారు. స్నాతకోత్తర విద్య లేదు, విశ్వవిద్యాలయంలో పదవి లేదు. పరిశోధన అంతా బడి పని అయ్యాక మిగిలిన వేళల్లో చేసినదే. 1986లో కన్నుమూశారు.

6174 విషయాన్ని ఆయన 1949లో మద్రాసులో జరిగిన గణిత సదస్సులో వివరించారు. 1955లో అది స్క్రిప్టా మ్యాథమెటికా పత్రికలో వ్యాసంగా వచ్చింది. దేశంలోని వృత్తి గణితజ్ఞులు చాలామంది దీన్ని కాలక్షేపపు లెక్కగానే చూశారు. మార్టిన్ గార్డ్‌నర్ 1975 మార్చిలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలోని తన శీర్షికలో కాప్రేకర్ కృషి గురించి రాశాకే ఆయన పేరు బయటి దేశాల్లో విస్తృతంగా తెలిసింది. కాప్రేకర్ పట్ల ఆ చిన్నచూపు న్యాయమైనది కాదు. ప్రశ్న సులభంగా అర్థమయ్యేదే అయినా, అంకెల సంఖ్యనో లెక్కింపు ఆధారాన్నో మార్చగానే దానికి జవాబు చెప్పడం ఎంత కష్టమవుతుందో తరువాతి పరిశోధనలు చూపాయి.

ప్రక్రియ పనిచేసే విధానం

మొదట చూసినప్పుడు ఇది గారడీలా ఉంటుంది. కాని దీని వెనక ఉన్నది మూడో తరగతిలో నేర్పే తీసివేత, అందులోని అప్పు తెచ్చుకోవడం, అంతే. నాలుగంకెలను పెద్దది నుంచి చిన్నదానికి పేర్చాక రెండు తేడాలు మాత్రమే లెక్కకు వస్తాయి. మొదటి అంకెకూ చివరి అంకెకూ మధ్య తేడాను ఇక్కడ వెలుపలి తేడా అందాం. నడుమనున్న రెండంకెల తేడాను లోపలి తేడా అందాం. 5432లో వెలుపలి తేడా 3, లోపలి తేడా 1.

ఇప్పుడు తీసివేతను ఒక్కొక్క స్థానంగా చూడాలి. ఒకట్ల స్థానంలో ఎప్పుడూ చిన్న అంకెలోంచి పెద్ద అంకె తీయవలసి వస్తుంది. కనుక పదుల స్థానం నుంచి అప్పు తప్పదు, అక్కడ మిగిలేది 10లోంచి వెలుపలి తేడా తీసేసినంత. పదుల స్థానం అప్పటికే ఒకటి ఇచ్చింది, పైగా అక్కడా చిన్నదానిలోంచి పెద్దది తీయాలి. అది వందల స్థానం నుంచి అప్పు తెచ్చుకుంటే మిగిలేది 9లోంచి లోపలి తేడా తీసేసినంత. వందల స్థానంలో లోపలి తేడాకంటే ఒకటి తక్కువ నిలుస్తుంది. వేల స్థానంలో వెలుపలి తేడా ఉన్నదున్నట్టు దిగుతుంది.

దీని ఫలితంగా వచ్చే ప్రతి భేదానికీ ఒక కట్టుబాటు ఏర్పడుతుంది: మొదటి, చివరి అంకెలు కలిపితే 10, మధ్య రెండంకెలు కలిపితే 8. 3087లో 3, 7 కలిపితే 10. 0, 8 కలిపితే 8. 8352, 8442, 8082, చివరకు 6174 కూడా ఈ లెక్కకు లోబడినవే. లోపలి తేడా సున్న అయినప్పుడు మాత్రం వందల స్థానం కూడా అప్పు తెచ్చుకోవాలి. అప్పుడు మధ్యలో రెండు తొమ్మిదులు వస్తాయి, చివరలున్న అంకెల మొత్తం 9 అవుతుంది. 5994, 3996 అలాంటివి.

వెలుపలి తేడా 1 నుంచి 9 వరకు ఉండవచ్చు. లోపలి తేడా దానికి మించదు. కాబట్టి సాధ్యమైన జతలు 54 మాత్రమే. అంటే వేల కొద్దీ సంఖ్యలు మొదటి మెట్టులోనే 54 భేదాలుగా కుదించుకుపోతాయి. వాటిలో ఒకే అంకెలు వేరే వరుసలో ఉన్నవాటిని కలిపేస్తే 30 అంకెల గుంపులే మిగులుతాయి. ఆ 30 గుంపులనూ ఒక కాగితం మీద రాసి ఏది దేనికి దారి తీస్తుందో గీతలు గీస్తే నిరూపణ పూర్తవుతుంది. గీతలన్నీ 6174 దగ్గరికే చేరతాయి, ఎక్కడా వేరే చక్రం ఏర్పడదు. కంప్యూటర్ అవసరం లేని పని ఇది.

6174 రావాలంటే వెలుపలి తేడా 6, లోపలి తేడా 2 కావాలి. ఇంకే జతా ఆ భేదాన్ని ఇవ్వదు. 30 గుంపుల్లో ఈ తేడాలున్నవి రెండే: 8, 5, 3, 2 ఉన్న గుంపు, 7, 6, 4, 1 ఉన్న గుంపు. మొదటి గుంపులోంచి భేదాలుగా వచ్చేవి 8352, 8532. రెండో గుంపులోంచి 6174 కాక 4176 ఒక్కటే వస్తుంది. రెండు లేదా అంతకంటే ఎక్కువ మెట్లు పట్టే ఏ సంఖ్య అయినా చివరి మెట్టుకు ముందు ఈ మూడు సంఖ్యల్లో ఒకదాన్ని దాటి రావాల్సిందే. 1949 వచ్చింది 8532 మీదుగా. 1905తో మొదలుపెడితే 9351, 8172, 7443, 3996, 6264 దాటి 4176 మీదుగా చేరుతుంది.

మెట్ల లెక్క

1000 నుంచి 9999 వరకు ఉన్న 9000 సంఖ్యల్లో నాలుగంకెలూ ఒకటేగా ఉన్నవి 9. వాటిని పక్కనపెడితే మిగిలేవి 8991. అందులో 6174కు మెట్లే అక్కర్లేదు. ఒక మెట్టులో చేరేవి 356, రెండు మెట్లలో 519, మూడులో 2124, నాలుగులో 1124, ఐదులో 1379, ఆరులో 1508, ఏడులో 1980. మూడు మెట్లవి అన్నిటికంటే ఎక్కువ, ఆ తరువాతి స్థానం ఏడు మెట్లవాటిది.

ఒక మెట్టులో చేరేవి ఎన్నో చేతితోనే తేల్చవచ్చు. అతిచిన్న అంకె 0, 1, 2, 3 వీటిలో ఏదో ఒకటి కావాలి, అతిపెద్దది దానికి 6 ఎక్కువ. నడిమి జతకు ఐదు అవకాశాలున్నాయి. అందులో రెండింటిలో ఒక అంకె రెండుసార్లు వస్తుంది కనుక తలా 12 అమరికలు, మిగతా మూడింటిలో తలా 24. మొత్తం 96, నాలుగు రెట్లు చేస్తే 384. ఇందులో సున్నతో మొదలయ్యే 27 అమరికలు తీసేస్తే 357. అందులో 6174ను మినహాయిస్తే మిగిలేవి 356.

ముందున్న సున్న

భేదం ముందు సున్న ఉంచాలన్న నియమాన్ని పాటించకపోతే సిద్ధాంతం దెబ్బతింటుంది. వెలుపలి తేడా 1, లోపలి తేడా 0 అయినప్పుడు భేదం 0999. ఉదాహరణకు 2111 − 1112 = 0999. సున్నతో కలిపి చూస్తే 9990 − 0999 = 8991, ఆపై 8082, 8532, 6174. సున్నను వదిలేసి 999గా చూస్తే తరువాతి భేదం సున్న అయిపోతుంది. సున్నను వదిలేసే పద్ధతిలో 1000 నుంచి 9999 వరకు ఉన్న సంఖ్యల్లో 77 సున్నకు చేరతాయి. అందులో నాలుగంకెలూ ఒకటేగా ఉన్నవి 9, 0999 దారిన పోయేవి 68. ఈ తేడాను చెప్పకుండా ‘అన్ని సంఖ్యలూ’ అని రాసే పుస్తకాలు కనిపిస్తుంటాయి, అది పొరపాటు.

సంఖ్యకున్న ఇతర గుణాలు

6174 ప్రధాన కారణాంకాలు 2, 3, 7. అది 2 × 3² × 7³కు సమానం. కారణాంకాలు మొత్తం 24, వాటన్నిటి కూడిక 15,600. తనను మినహాయిస్తే మిగతా కారణాంకాల మొత్తం 9426. అది 6174 కంటే ఎక్కువ కనుక ఇది సమృద్ధ సంఖ్య. 7 ఘాతం బేసి కావడం వల్ల దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయడం కుదరదు. ప్రధాన కారణాంకాలను ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు తీసుకుని వర్గాలు చేసి కూడితే 4 + 9 + 9 + 49 + 49 + 49 = 169, అంటే 13 వర్గం.

అంకెల మొత్తం 6 + 1 + 7 + 4 = 18. 6174ను 18తో భాగిస్తే 343, శేషం లేదు. అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగించబడే ఇలాంటివాటికి హర్షద్ సంఖ్యలని పేరు పెట్టినవారూ కాప్రేకరే (చూ. హర్షద్ సంఖ్య). 343 అంటే 7 ఘనం. ఇక్కడే మరొక విశేషం ఉంది. 18 + 18² + 18³ = 18 + 324 + 5832 = 6174. దీనికి మూలం 1 + 18 + 18² = 7³ అన్న సమానత్వం. ఒక సంఖ్య ఘాతాలను 1తో మొదలుపెట్టి వరుసగా కూడితే సంపూర్ణ ఘాతం ఎప్పుడు వస్తుందన్నది నాగెల్, లుంగ్‌గ్రెన్‌ల పేరుతో పిలిచే సమీకరణం. కూడికలో కనీసం మూడు పదాలుండే ఆ సమీకరణానికి తెలిసిన సాధనలు మూడే, అందులో ఇదొకటి. మిగతా రెండు: 1 + 3 + 9 + 27 + 81 = 11², 1 + 7 + 49 + 343 = 20². 6174 గురించి చెప్పేటప్పుడు కాప్రేకర్ ప్రక్రియ నీడలో ఈ గుణం మరుగున పడిపోతోంది. నిజానికి ఇది సంఖ్యకు సహజంగా ఉన్నది, రాసే పద్ధతితో సంబంధం లేనిది. 12 ఆధారంగా రాస్తే 6174 స్థానాల్లో 3, 6, 10, 6 ఉంటాయి, కాప్రేకర్ ప్రక్రియలో అది స్థిరంగా నిలవదు. 18, 7ల మధ్య సంబంధం మాత్రం అలాగే ఉంటుంది.

6174 కంటే చిన్నవై, దానితో 1 తప్ప మరో ఉమ్మడి కారణాంకం లేని సహజ సంఖ్యలు 1764. అది 42 వర్గం, పైగా 6174లోని నాలుగంకెలే వేరే వరుసలో ఉన్నాయి. కనుక 1764 కూడా ఒక్క మెట్టులో 6174కు చేరుతుంది. (చూ. ఆయిలర్ ప్రమేయం)

పేర్ల పోలిక వల్ల కలిగే గందరగోళం ఒకటుంది. కాప్రేకర్ స్థిరాంకం వేరు, కాప్రేకర్ సంఖ్య వేరు. ఒక సంఖ్య వర్గాన్ని రెండు ముక్కలుగా విడదీసి కూడితే ఆ సంఖ్యే తిరిగి వస్తే దాన్ని కాప్రేకర్ సంఖ్య అంటారు. 45 వర్గం 2025, 20 + 25 = 45. 703 వర్గం 4,94,209, 494 + 209 = 703. 6174 వర్గం 3,81,18,276; 3811 + 8276 = 12,087 కనుక ఇది కాప్రేకర్ సంఖ్య కాదు. ఆయన ప్రతిపాదించిన స్వయంభూ సంఖ్యల్లోనూ ఇది చేరదు. ఏ సంఖ్యకూ దాని అంకెల మొత్తం కలిపి రాబట్టలేనివి స్వయంభూ సంఖ్యలు. 6156కు దాని అంకెల మొత్తం 18 కలిపితే 6174 వస్తుంది.

ఇతర అంకెల సంఖ్యల్లో ఈ ప్రక్రియ

మూడంకెలకు స్థిరాంకం 495. ఇక్కడ నడిమి అంకె తీసివేతలో రద్దయిపోయి, భేదం ఎప్పుడూ వెలుపలి తేడాకు 99 రెట్లు ఉంటుంది. వెలుపలి తేడా 1 అయితే 099, 891, 792, 693, 594, 495 అని ఆరు మెట్లు పడతాయి. అంతకు మించి పట్టే అవకాశం లేదు. రెండంకెలకు స్థిరాంకమే లేదు: 09, 81, 63, 27, 45, మళ్లీ 09 అని చక్రం తిరుగుతుంది.

ఐదంకెలకూ స్థిరాంకం లేదు. అక్కడ మూడు చక్రాలున్నాయి. ఒకటి 53955, 59994 మధ్య తిరిగేది. రెండోది 61974, 82962, 75933, 63954. మూడోది 62964, 71973, 83952, 74943. ఏ సంఖ్య ఏ చక్రంలో పడుతుందన్నది మొదట తీసుకున్న అంకెల మీద ఆధారపడుతుంది.

ఆరంకెలకు 549945, 631764 అని రెండు స్థిర బిందువులు, వీటితో పాటు 420876తో మొదలయ్యే ఏడు సంఖ్యల చక్రం ఒకటి ఉన్నాయి. స్థిర బిందువు ఉన్నంత మాత్రాన అన్ని సంఖ్యలూ దాని దగ్గరికే చేరాలని లేదు. నాలుగంకెల్లోనూ మూడంకెల్లోనూ అలా జరగడం ఆ రెండింటికే దక్కిన గుణం. ఏడంకెలకు ఎనిమిది సంఖ్యల చక్రం ఒక్కటే ఉంది, స్థిర బిందువు లేదు. ఎనిమిదంకెలకు 63317664, 97508421 స్థిర బిందువులు. తొమ్మిదంకెల్లో 987654321 − 123456789 = 864197532; 1 నుంచి 9 వరకు అంకెలన్నీ ఒక్కొక్కసారి ఉన్న ఈ భేదం కూడా స్థిరమైనదే.

6174, 631764, 63317664, 6333176664 పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వరుస కనిపిస్తుంది. 6 తరువాత ఒక 3, 4కు ముందు ఒక 6 చేర్చుకుంటూ పోతే తరువాతి స్థిర బిందువు వస్తుంది. తీసివేతలో కొత్తగా చేర్చిన 6, 3 ఎదురెదురుగా పడి, అప్పుల లెక్క తప్పకుండా తిరిగి 3, 6గానే దిగుతాయి. ఈ వరుసకు అంతు లేదు. 1981లో ప్రిచెట్, లుడింగ్‌టన్, లపెంటా కలిసి దశాంశ పద్ధతిలోని కాప్రేకర్ స్థిరాంకాలన్నిటినీ నిర్ధారిస్తూ ఫిబొనాచీ క్వార్టర్లీలో వ్యాసం ప్రచురించారు.

ఇతర ఆధారాల్లో

లెక్కింపు ఆధారం 10 కాకుండా వేరొకటి అయినా ప్రక్రియను అలాగే చేయవచ్చు. ఆధారం 5 గుణిజమైతే నాలుగు స్థానాల స్థిర బిందువు తప్పక ఉంటుంది, దాన్ని నేరుగా రాయవచ్చు. ఆధారాన్ని 5తో భాగించగా వచ్చినదానికి మూడు రెట్లు మొదటి స్థానంలో, వచ్చినదానికంటే ఒకటి తక్కువ రెండో స్థానంలో, నాలుగు రెట్లకు ఒకటి తక్కువ మూడో స్థానంలో, రెండు రెట్లు చివరి స్థానంలో ఉంచాలి. ఆధారం 10 అయితే భాగఫలం 2 కనుక 6, 1, 7, 4. ఆధారం 5 అయితే 3, 0, 3, 2. ఆధారం 15 అయితే 9, 2, 11, 6. ఈ కుటుంబంలో 6174 ఒక సభ్యురాలు మాత్రమే. 20వ శతాబ్దపు ప్రముఖ బీజ సంఖ్యా సిద్ధాంతకారుల్లో ఒకరైన హెల్ముట్ హాసె, ప్రిచెట్‌తో కలిసి 1978లో అన్ని ఆధారాల్లోని నాలుగు స్థానాల కాప్రేకర్ స్థిరాంకాలపై పరిశోధన ప్రచురించారు. దేవళాలీ బడిపంతులు లేవనెత్తిన ప్రశ్న ఆ స్థాయికి చేరింది.

బోధనలో ఉపయోగం

ఈ ప్రక్రియకు కావలసినది తీసివేత ఒక్కటే. ప్రతి మెట్టులోనూ కనీసం రెండు అప్పులుండే తీసివేత వస్తుంది గనుక సాధనకు బాగా పనికొస్తుంది, తప్పు చేస్తే పట్టుబడుతుంది కూడా. భేదం అంకెల మొత్తం 18గానో 27గానో రాకపోతే తీసివేతలో ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. లోపలి తేడా సున్న అయిన చోట 27, మిగతా అన్ని చోట్లా 18. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి అంకెలను వరుసపెట్టడం, లూప్ ఆపే షరతు రాయడం వంటి పనులకు ఇది వాడుకలో ఉన్న అభ్యాసం. అక్కడ విద్యార్థులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది 0999 సందర్భమే. సంఖ్యను పూర్ణాంకంగా నిల్వ చేసుకున్న ప్రోగ్రాము ముందున్న సున్నను పోగొట్టుకుని సున్న దగ్గర ఆగిపోతుంది. నాలుగు స్థానాలూ నిండేలా అంకెలను విడివిడిగా తీసుకుంటే ఆ చిక్కు ఉండదు.